చేపకూ కెమెరాకూ మధ్య

విజయనగరంలో ఇప్పుడు చాలా ఇళ్ల ముందు గదిలో చేపల తొట్టె కనిపిస్తుంది. రెండడుగుల అద్దాల పెట్టె, పైన ఎల్‌ఈడీ పట్టీ, బుడగలు వదిలే గొట్టం, లోపల గప్పీలో గోల్డ్‌ఫిష్‌లో. ఆ చేపలను ఫోన్‌తో ఫోటో తీయని ఇల్లు ఉండదు. తీరా ఫోటో చూస్తే ట్యూబ్‌లైటు, కిటికీ ఊచలు, ఫోన్ పట్టుకున్న చెయ్యి చక్కగా పడతాయి. చేప ఉండాల్సిన చోట నారింజ రంగు మరక ఉంటుంది. వెంటనే అందరూ కెమెరాను తప్పుపడతారు, ఇంకా ఖరీదైనది కొనాలేమో అనుకుంటారు. కొనక్కర్లేదు. చేప ఫోటో బాగా రావడమో చెడిపోవడమో కెమెరాలోకి వెలుగు చేరకముందే, అద్దం దగ్గరా నీళ్లలోనూ చాలావరకు తేలిపోతుంది. వెలుగు ఏ దారిన వచ్చిందో తెలిసినవాళ్లకు మామూలు ఫోను సరిపోతుంది.

ముందు ప్రతిబింబం సంగతి. వెలుగు గాలిలోంచి అద్దాన్ని నేరుగా తాకినప్పుడు నూటికి సుమారు నాలుగు వంతులు వెనక్కి తిరుగుతుంది. నాలుగు అంటే తక్కువే అనిపిస్తుంది. కానీ గదిలో ట్యూబ్‌లైటో పగటి కిటికీయో ఉంటే, నీళ్లలో ఉన్న చేప మీద నుంచి వచ్చే వెలుగు కంటే ఆ నాలుగు వంతులే ఎక్కువ కావచ్చు. మన కన్ను దాన్ని పట్టించుకోదు, ఎందుకంటే రెండు కళ్లతో దూరాలను విడదీసి చేప మీదే దృష్టి పెడుతుంది. కెమెరాకు ఆ తెలివి లేదు. చేపనూ కిటికీనీ ఒకే కాగితం మీద కలిపేస్తుంది.

దీనికి మందు తేలిక. పొద్దు పోయాక కిటికీలు మూసి, గదిలో లైట్లన్నీ ఆపి, తొట్టె మీది లైటు ఒక్కటే ఉంచాలి. ఫోన్ లెన్సును అద్దానికి ఆనించాలి. ఆనించినప్పుడు గదిలోని వెలుగు అద్దం మీద పడి లెన్సులోకి తిరగడానికి సందే దొరకదు. పెద్ద కెమెరా అయితే లెన్సు చివర రబ్బరు హుడ్ తగిలించి నొక్కితే అదే పని జరుగుతుంది. ప్రతిబింబాలు పోగొట్టడానికి పోలరైజర్ ఫిల్టర్ కొనమని చాలామంది సలహా ఇస్తారు. చేపల తొట్టె విషయంలో ఈ సలహా నాకు నచ్చదు. అద్దం నుంచి తిరిగే వెలుగును ఆ ఫిల్టర్ పూర్తిగా ఆపేది అద్దానికి లంబంగా ఉండే గీత నుంచి కోణం 56 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు. అద్దానికి ఎదురుగా నిలబడినప్పుడు దాని ప్రభావం దాదాపు శూన్యం. పైగా అసలే తక్కువగా ఉన్న వెలుగులో సగానికి పైగా అదే మింగేస్తుంది.

సరే, పక్క నుంచి 56 డిగ్రీల కోణంలో తీద్దామా అంటే అంతకన్నా పెద్ద చిక్కు ఎదురవుతుంది. ఒక పదార్థం వెలుగును ఎంతగా వంచుతుందో చెప్పే అంకెను వక్రీభవన గుణకం అంటారు. నీటిది 1.33, అద్దానిది సుమారు 1.5, గాలిది 1. చేప నుంచి బయల్దేరిన వెలుగు ఈ మూడింటినీ దాటి రావాలి. లంబంగా వస్తే వంగకుండా దాటుతుంది. చేప ఉన్న దూరంలో మూడు వంతుల దూరంలోనే ఉన్నట్టు కనిపిస్తుంది, అంతే. అద్దం వెనక 40 సెంటీమీటర్ల లోతులో ఉన్న చేప 30 సెంటీమీటర్లలో ఉన్నట్టు తోస్తుంది. ఏటవాలుగా వస్తే మాత్రం కిరణాలు వంగుతాయి, ఎరుపు ఒక మోస్తరుగా, నీలం ఇంకొంచెం ఎక్కువగా. ఫోటోలో పొలుసుల అంచున కనబడే ఎర్రటి, నీలపు గీతలు అక్కడ పుట్టినవే. నిలువు గీతలు ఒక దూరంలో, అడ్డ గీతలు మరో దూరంలో స్పష్టమవుతాయి కాబట్టి ఫోకస్ ఎంత సరిచేసినా చేప మసకగానే ఉంటుంది. లెన్సు అద్దానికి ఎదురుగా, నిటారుగా ఉండాలనే నియమానికి కారణం ఇదే. చేపను వెంబడిస్తూ ఫోనును పక్కకు తిప్పడం కంటే, ఫోనును అలాగే ఉంచి అద్దం వెంట జరిపి, చేప ఎదురుకొచ్చేదాకా ఆగడం మేలు.

పక్క గోడలు అద్దంలా మెరుస్తూ ఒక గప్పీని రెండుగా చూపించడం కూడా ఈ వంపు వల్లే. నీటిలోంచి గాలిలోకి పోయే వెలుగు 48.6 డిగ్రీలు దాటి ఏటవాలుగా తగిలితే బయటికి రాలేక మొత్తం లోపలికే తిరుగుతుంది. ముందు నుంచి చూస్తున్న మనకు పక్క గోడ దాదాపు ఎప్పుడూ ఆ హద్దుకు అవతలే ఉంటుంది. అరసవల్లిలో సూర్యకిరణాలు స్వామి పాదాలను తాకే రోజుల కోసం మార్చిలోనూ అక్టోబరులోనూ శ్రీకాకుళం జనం ఎదురుచూస్తారు. అక్కడ కిటకిటలాడేవాళ్లకు వెలుగు విషయంలో కోణానికి ఉన్న విలువను కొత్తగా చెప్పక్కర్లేదు. తొట్టె ముందు కూడా కోణమే రాజు.

ఇక వెలుగు చేప మీద ఎటు నుంచి పడాలి? ఇది నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం, ఎందుకంటే ఇక్కడ చేప ఒళ్లే భౌతికశాస్త్రం చెబుతుంది. చింతపల్లి తీరంలోనో కళింగపట్నంలోనో వల ఒడ్డుకు లాగుతుంటే చూడండి. కవళ్లు ఒక్కసారి తళుక్కున మెరిసి, మరుక్షణం నల్లబడి, మళ్లీ మెరుస్తాయి. వాటి ఒంటి మీద వెండి రంగు అంటూ ఏదీ లేదు. చర్మంలోని కొన్ని కణాల్లో గ్వానిన్ పలకలు దొంతరగా పేర్చి ఉంటాయి. డీఎన్‌ఏను కట్టే నాలుగు క్షారాల్లో ఒకటైన గ్వానినే ఇది. ఒక్కో పలక మందం మిల్లీమీటరులో పదివేలో వంతుకు అటూ ఇటూ. గ్వానిన్ వక్రీభవన గుణకం సుమారు 1.8, పలకల మధ్య ఉన్న ద్రవానిది ఇంచుమించు నీటిదే. ఒక్కో పలక కొంచెం కొంచెంగా తిప్పిపంపే వెలుగు అలలు ఒకదానితో ఒకటి కలిసి బలపడతాయి. రంగు పదార్థమేమీ లేకుండానే చర్మం అద్దమైపోతుంది.

ఇంగ్లండ్‌లోని ప్లిమత్ సముద్ర పరిశోధనశాలలో పనిచేసిన ఎరిక్ డెంటన్ ఈ అద్దాల అమరికను 1960, 70 దశకాల్లో విడమరచి చూపించాడు. చేప పక్క గుండ్రంగా వంగి ఉన్నా లోపలి పలకలు మాత్రం చాలావరకు నిలువుగానే నిలబడి ఉంటాయి. సముద్రంలో వెలుగు పై నుంచి వస్తుంది, చుట్టూ అన్ని వైపులా ఒకేలా పరుచుకుంటుంది. అలాంటి చోట నిలువు అద్దం తన ముందున్న నీటినే చూపిస్తుంది. ఆ నీరు, చేప వెనకున్న నీరు ఒకే వెలుగులో ఉంటాయి కాబట్టి వేటాడే చేపకు వెండి చేప కనబడకుండా పోతుంది.

ఈ సంగతి తెలిశాక ఫోటో తీసే పద్ధతే మారుతుంది. ఫోన్ ఫ్లాష్ ఎదురుగా వేస్తే ఆ నిలువు అద్దాలు వెలుగును నేరుగా లెన్సులోకే కొడతాయి. చేప పక్క తెల్లగా కాలిపోయి, పొలుసు ఒక్కటీ కనబడదు. వెలుగు పై నుంచి, కొంచెం ముందుకు వాలి పడాలి. తొట్టె మూత మీది ఎల్‌ఈడీ పట్టీని వెనక అంచు నుంచి ముందు అంచుకు జరపడం నేనెరిగినంతలో పైసా ఖర్చు లేని గొప్ప మార్పు. ఇంకొకటి ఉంది. అద్దం ముందున్న దాన్నే చూపిస్తుంది కదా, చీకటి గదిలో వెండి చేప ముందున్నది చీకటే కాబట్టి దాని ఒళ్లు ఫోటోలో నల్లగా వస్తుంది. లెన్సుకు రెండు పక్కలా అద్దానికి ఆనించి తెల్లటి థర్మకోల్ ముక్కలు పెట్టండి. తొట్టె వెలుగు వాటి మీద పడి తిరిగి చేప మీదికి చేరుతుంది, వెండి రంగు వెనక్కి వస్తుంది.

గ్వానిన్ పలకలు వెండితోనే ఆగవు. అమెజాన్ ప్రాంతపు నియాన్ టెట్రా నడుం మీద వెలిగే నీలి చార కూడా ఆ పలకల పనే. పలకల మధ్య దూరం మారితే రంగు మారుతుంది. చీకట్లో ఉన్నంతసేపు చార ఊదా వైపుకు జరిగి మసకబారుతుంది, లైటు వేశాక మెల్లగా నీలి ఆకుపచ్చకు వస్తుంది. దీనికి తోడు చర్మంలోని నల్ల రంగు కణాలు. భయపడినప్పుడు, తెల్లటి ఇసుక మీద ఉన్నప్పుడు చాలా చేపల్లో రంగు రేణువులు కణం మధ్యకు ముడుచుకుని ఒళ్లు పాలిపోతుంది. నల్లటి గులకరాళ్లు పరిచి, వెనక నల్ల కాగితం అంటిస్తే చేప కుదుటపడి రంగు తేరుకుంటుంది. ఫోటో కోసమని చేపను వలతో పట్టి చిన్న సీసాలో వేసేవాళ్లున్నారు. అలా తీసిన చేప రంగు దాని అసలు రంగు కాదు, టెన్షన్‌లో ఉన్న రంగు.

కదలిక విషయం క్లుప్తంగా చెబుతాను. సెకనుకు పది సెంటీమీటర్ల చొప్పున ఈదే చేప 1/50 సెకనులో రెండు మిల్లీమీటర్లు జరుగుతుంది. గప్పీ కన్ను చెరిగిపోవడానికి ఆ రెండు మిల్లీమీటర్లు చాలు. షట్టర్ వేగం, అంటే కెమెరా వెలుగును లోపలికి తీసుకునే సమయం, 1/250 సెకను పెడితే జరిగేది అర మిల్లీమీటరు లోపే. అయితే ఇక్కడొక పీటముడి. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది, కాబట్టి చవకరకం ఎల్‌ఈడీ సెకనుకు వందసార్లు మిణుకుతుంది. ఫోన్ సెన్సర్ బొమ్మను ఒకేసారి కాకుండా వరస తర్వాత వరసగా చదువుతుంది. షట్టర్ వేగం పెంచితే కొన్ని వరసలకు వెలుగు, కొన్నింటికి చీకటి దక్కి ఫోటో అంతా అడ్డ పట్టీలు పడతాయి. 1/100 దగ్గర ఆగితే పట్టీలు పోతాయి కానీ చేప కదిలిపోతుంది. పవర్‌బ్యాంకుతో వెలిగే చిన్న యూఎస్‌బీ దీపాన్ని మసక చేయకుండా పూర్తి వెలుగులో పెట్టి చూడండి. అందులోది డీసీ కరెంటు కాబట్టి ఈ 50 హెర్ట్జ్ మిణుకు ఉండదు. మేత వేసిన వెంటనే కాకుండా, తిని స్థిమితపడ్డాక తీస్తే 1/100 తోనే పని జరిగిపోవచ్చు కూడా.

నీళ్లు మార్చిన రోజు ఫోటోల జోలికి వెళ్లవద్దు. కొత్త నీటిలో కరిగి ఉన్న గాలి సన్న బుడగలై అద్దానికీ మొక్కలకూ అంటుకుంటుంది, ప్రతి బుడగా ఒక తెల్ల చుక్క. అద్దం బయట ఉప్పునీటి మరకలుంటే వెనిగర్ తడిపిన గుడ్డతో తుడవాలి, లోపలి నాచును గీకి రేణువులు అడుగుకు దిగేదాకా ఆగాలి.

పెద్ద అక్వేరియాలలో లెక్కలు మారతాయి. విజయనగరం, శ్రీకాకుళం వాళ్లకు చిన్నప్పుడు చూసిన అక్వేరియం అంటే విశాఖ ఆర్కే బీచ్‌లోని మత్స్యదర్శినే. ఈమధ్య ఊళ్లలో పెట్టే ఎగ్జిబిషన్లలోకి కూడా సొరంగం అక్వేరియాలు వస్తున్నాయి. వాటి గోడలు సాధారణంగా అద్దం కాదు, ఆక్రిలిక్. జపాన్‌లో 2002లో తెరిచిన ఒకినావా చురౌమి అక్వేరియం ప్రధాన ఫలకం 60 సెంటీమీటర్ల మందం ఉంటుంది. అంత మందంలో ఏ మాత్రం ఏటవాలుగా చూసినా రంగులు విడిపోతాయి. సొరంగంలో ఇంకో తిరకాసు, వంపు గోడే ఒక లెన్సుగా పనిచేసి చేపను అసలుకన్నా చిన్నదిగా చూపిస్తుంది. తల సరిగ్గా పైకెత్తి, నడినెత్తి మీదుగా వెళ్లే సొరచేపనో టేకుచేపనో తీయడమే అక్కడ దక్కే మంచి ఫోటో. ఆక్రిలిక్ ఇట్టే గీతలు పడుతుంది, ఉంగరం ఉన్న చేత్తో ఫోన్ నొక్కకండి.

ఫ్లాష్ వద్దని అక్కడ రాసిపెడితే అది ఊరికే పెట్టిన నియమం కాదు. చాలా చేపలకు రెప్పలు ఉండవు. చాలా ఎముక చేపల్లో వెలుగు పెరిగితే కంటిపాప మనకులా చిన్నదైపోదు. వెలుగు మారినప్పుడు రెటీనాలోని కణాలే ముందుకూ వెనక్కూ జరిగి సర్దుకోవాలి, దానికి పదుల నిమిషాలు పడుతుంది. ఇంట్లో కూడా అర్ధరాత్రి హఠాత్తుగా తొట్టె లైటు వేయకుండా, ముందు గది లైటు వేసి కాసేపాగడం దయగల పద్ధతి. అద్దం మీద వేలితో కొట్టడం అంతకన్నా హింస. నీటిలో శబ్దం గాలిలో కన్నా నాలుగు రెట్లకు పైగా వేగంతో పోతుంది, చేప దాన్ని చెవులతోనే కాకుండా పక్క గీత (ఒంటి పక్కన తల నుంచి తోక వైపు సాగే, నీటి కదలికను పసిగట్టే గీత) వెంట ఒళ్లంతా గ్రహిస్తుంది.

చివరగా ఒక కోరిక. బజారులో కొన్న గోల్డ్‌ఫిష్ ఫోటోలు లోకంలో లెక్కలేనన్ని ఉన్నాయి. నాగావళి, వంశధార, చంపావతి నీళ్లలో తిరిగే పరిగెలు, మట్టగిడసలు మాత్రం బతికుండగా సరిగ్గా ఫోటోకెక్కడం అరుదు. ప్యాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు విశాఖ తీరంలో సేకరించిన రెండు వందల చేపల బొమ్మలను, ఇక్కడివాళ్లు వాటిని పిలిచే పేర్లతో సహా, 1803లో లండన్‌లో అచ్చు వేయించాడు. అప్పట్లో ఆధారం వలలోంచి ఒడ్డుకు చేరిన చేపలే. చచ్చిన కాసేపటికే రంగు కణాల పట్టు సడలి అసలు రంగు చెదిరిపోతుంది. ఇప్పుడు మనకు బతికున్న చేపను దాని రంగులోనే పట్టుకునే వీలుంది.

ఊరి చెరువులో పట్టిన నాలుగు పరిగెలను చిన్న తొట్టెలో, నల్ల నేల మీద, రెండు మూడు రోజులు కుదుటపడనివ్వండి. తర్వాత తల నుంచి తోక దాకా పడేలా, రెక్కలన్నీ విచ్చుకున్న పక్క భంగిమలో తీయండి. జాతి గుర్తించేవాళ్లకు కావలసింది ఆ భంగిమే, పక్క గీత మీది పొలుసులు లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా ఉండాలి. ఫోటోతో పాటు తేదీ, చెరువు పేరు, చేప పొడవు, ఊళ్లో దాన్ని ఏమంటారో రాసిపెట్టండి. పని అయ్యాక ఎక్కడ పట్టారో అక్కడే వదలండి. బజారులో కొన్న చేపను మాత్రం ఏ చెరువులోనూ వదలవద్దు. తొట్టెల అద్దం నాకడానికి తెచ్చిన సక్కర్ చేపలు ఇప్పటికే మన రాష్ట్రపు చెరువుల్లోకి చేరి రైతుల వలలు చించుతున్నాయి.