సంతకం పెట్టేముందు: కొత్త గాయకుల అపోహలు - వాస్తవాలు

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు నుంచి తొలి జానపదం రికార్డు చేసుకున్న తెలుగు పిల్లలు అడిగేది ఒకటే. "అన్నా, యూట్యూబ్ ఛానెల్ వాళ్లు డబ్బు ఇస్తామంటున్నారు, సంతకం పెట్టేయనా?" అడిగే వేళకే చాలామంది పెట్టేసి ఉంటారు.

అపోహ: పాడింది నేనే, ఎవరు అప్‌లోడ్ చేసినా పాట నాదే.

కాదు. ఒక్క పాటలో మూడు ఆస్తులున్నాయి. సాహిత్యం రాసినవాళ్లది, బాణీ కట్టినవాళ్లది. రికార్డింగ్ మాత్రం పూనుకుని, బాధ్యత పడి చేయించిన నిర్మాతది. స్టూడియో బిల్లు కట్టి, వాద్యకారుల్ని పిలిపించి అన్నీ మీరే చూసుకుంటే ఆ నిర్మాత మీరే. గొంతు ఇచ్చినవారికి ప్రదర్శకుల హక్కు విడిగా ఉంది గానీ, దానితో రికార్డింగ్ సొంతమైపోదు.

కాగితంలో ముందు వెతకాల్సిన మాట 'అసైన్‌మెంట్'. అది పొలం అమ్మేయడం. 'లైసెన్స్' అయితే కౌలుకివ్వడం. 'పర్పెచ్యువల్' అని కనిపిస్తే శాశ్వతంగా అని అర్థం. రికార్డింగ్ మీద కాపీరైట్ 60 ఏళ్లుంటుంది, అంతకాలాన్నీ ఒక్క సంతకంతో వదిలేస్తున్నారన్నమాట.

నోటిమాటతో ఇచ్చేశాం, అంతా పోయిందని కుమిలిపోతున్నవాళ్లు ధైర్యంగా ఉండండి. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం సంతకంతో కూడిన రాతపత్రం లేనిదే హక్కు బదిలీ కాదు. పత్రంలో గడువు రాయకపోతే 5 ఏళ్లే, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. 2012 సవరణ తర్వాత రచయిత, స్వరకర్త తమ రాయల్టీ వాటా వదులుకుంటున్నామని రాసిచ్చినా అది చెల్లదు. అయితే రచయితల, స్వరకర్తల రాయల్టీ వసూలు చేసి పంచే సంస్థ ఐపీఆర్‌ఎస్‌లో సభ్యులై పాటను నమోదు చేసుకోండి, లేకపోతే ఆ డబ్బు మీ దాకా రావడం కష్టం.

ఛానెల్‌కి ఇవ్వొద్దని కాదు. వీడియో మాత్రమే, ఆ ఒక్క ఛానెల్‌కే, 3 ఏళ్లకి లైసెన్స్ అని రాయించండి. ఆడియో పంపిణీ, రీల్స్, కంటెంట్ ఐడీ మీ దగ్గరే ఉంచుకోండి. కంటెంట్ ఐడీ అంటే మీ పాట ఏ వీడియోలో వాడినా యూట్యూబ్ పసిగట్టి, దాని మీద మీ తరఫున హక్కు కోరే (క్లెయిమ్ వేసే) ఏర్పాటు. కంటెంట్ ఐడీ వాళ్ల చేతికి వెళ్తే మీ పాట మీరు పెట్టుకున్నా క్లెయిమ్ పడుతుంది. మీ దగ్గరే ఉంటే, మీ పాటను యాప్‌లకి పంపే డిస్ట్రిబ్యూటర్‌కి చెప్పి ఆ ఛానెల్‌ని వైట్‌లిస్ట్ చేయించండి, అంటే వాళ్ల మీద క్లెయిమ్ పడకుండా మినహాయింపు పెట్టించండి. అది మర్చిపోతే క్లెయిమ్ వాళ్ల వీడియో మీద పడి గొడవ మొదలవుతుంది. నెట్‌లో దొరికిన బీట్ మీద పాడితే కంటెంట్ ఐడీ జోలికే పోవద్దు, అదే బీట్ వాడిన ఇంకొకరి పాట మీద తప్పుడు క్లెయిమ్ పడుతుంది. స్టూడియోకి చివరి వాయిదా కట్టేముందే ఫైనల్ మిక్స్, గొంతు లేని ట్రాక్, వాద్యం వాద్యంగా విడి స్టెమ్స్, అన్నీ 24 బిట్ వేవ్ (WAV) ఫైళ్లుగా పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి.

ఇంకొకరి పాట వాడుకుని కింద 'క్రెడిట్స్ టు ఓనర్' అని రాస్తే చాలన్నది వట్టి పుకారు. యూట్యూబ్‌లో 90 రోజుల్లో మూడు కాపీరైట్ స్ట్రైకులు (హక్కుదారు ఫిర్యాదు మీద పడే హెచ్చరికలు) పడితే ఛానెలే ఎగిరిపోతుంది.

జానపదం ఎవరిదీ కాదంటారు. నోటి పాట వరకు నిజమే, ఇంకొకరి రికార్డింగ్ మాత్రం వాళ్లదే. మీ వాద్యాలతో మీరు పాడుకోండి.

రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. పాట పుట్టగానే హక్కు పుడుతుంది. రిజిస్టర్ చేస్తే కోర్టులో సాక్ష్యంగా పనికొస్తుంది, అంతే.

ఇక మన యాసకి హైదరాబాద్‌లో చోటు లేదన్న బెంగ. యాస అడ్డు కాదు, జానపదానికి అదే అందం. అడ్డుపడేది లిపి. ఒడియా మీడియంలో చదివినవాళ్లు తెలుగు పాటను ఒడియా అక్షరాల్లో రాసుకుంటారు. ఆ లిపిలో ఎ-ఏ, ఒ-ఓ తేడా లేదు. దాంతో 'మెడ' కాస్తా 'మేడ' అవుతుంది, తాళంలో ఒక మాత్ర పెరుగుతుంది, టేకుల మీద టేకులు పోతాయి. స్టూడియో గంటల లెక్కన డబ్బు తీసుకునేచోట అదంతా మీ జేబుకే చిల్లు. దీర్ఘం ఉన్న ప్రతి అక్షరం మీదా ఎర్ర పెన్నుతో గీత పెట్టి, రాసినవారి ముందు ఒకసారి చదివి వినిపించి, అప్పుడు మైకు ముందు నిలబడండి.