గాల్కయో: సంతకాలు అయ్యాక కూడా మేమెందుకు అక్కడ ఉంటాం? కొన్ని అపోహలు, వాస్తవాలు

“ఒప్పందం అయిపోయిందని పేపర్లో చదివాను. ఇంకా అక్కడ ఏం చేస్తున్నావురా?” అని మా బాబాయి ఫోనులో అడుగుతాడు. నైరోబీలో కొత్తగా చేరిన సహోద్యోగులు, నిధులిచ్చే సంస్థల ప్రతినిధులు అడిగేదీ ఇదే, కాకపోతే కాస్త మర్యాదగా అడుగుతారు. సోమాలియా సరిహద్దు గొడవల్లో సయోధ్య పని మొదలుపెట్టినప్పటి నుంచి ఇదే ప్రశ్నకు జవాబు చెబుతున్నాను. ఈసారి రాసి పెడుతున్నాను.

అపోహ: నాయకులు సంతకం పెడితే గొడవ తీరినట్టే.

మధ్య సోమాలియాలోని గాల్కయో ఒకే ఊరైనా దాన్ని ఆ దేశంలోని రెండు రాష్ట్రాల ప్రభుత్వాలు ఏలుతున్నాయి. ఉత్తరం పుంట్‌లాండ్‌ది, దక్షిణం గల్ముదుగ్‌ది. ఉత్తరాన మజీర్తీన్ తెగ, దక్షిణాన హబర్ గిదిర్ తెగలోని సఅద్ శాఖ. 2015 నవంబరులో ఒక రోడ్డు పని దగ్గర మొదలైన కాల్పులు డిసెంబరు 2 నాటి ఒప్పందంతో ఆగాయి. అందరూ చప్పట్లు కొట్టారు. ఏడాది తిరగకుండానే, 2016 అక్టోబరులో, ఇంకో నిర్మాణం దగ్గర మళ్ళీ మొదలయ్యాయి. ఈసారి 75,000 మందికి పైగా ఊరు విడిచారు. వాళ్ళలో చాలామంది అప్పటికే కరువుకో యుద్ధానికో ఇల్లు పోగొట్టుకుని శిబిరాల్లో తలదాచుకున్నవాళ్ళు. నవంబరు 1న ఆ రెండు రాష్ట్రాల అధ్యక్షులు అబుదాబిలో కాల్పుల విరమణకు ఒప్పుకున్నారు. వారం గడవకముందే తుపాకులు మళ్ళీ పేలాయి.

ఇందులో వింతేమీ లేదు. అబుదాబిలో కూర్చున్నవాళ్ళు వేరు, గాల్కయోలో తుపాకి పట్టుకున్నవాళ్ళు వేరు. ఆ తుపాకి తన శాఖ పెద్దల మాట వింటుంది, లేదంటే జీతమిచ్చే కమాండర్ మాట వింటుంది. 1993 జూన్‌లో దక్షిణం వైపు హబర్ గిదిర్ నాయకుడు జనరల్ అయిదీద్, ఉత్తరం వైపు ఎస్‌ఎస్‌డీఎఫ్ అనే సాయుధ సంస్థ నాయకులు కుదుర్చుకున్న ముదుగ్ (గాల్కయో ఉన్న ప్రాంతం) ఒప్పందం చాలా ఏళ్ళు చాలావరకు నిలిచింది. అప్పుడు సంతకం పెట్టినవాళ్ళ చేతిలోనే తుపాకులు ఉన్నాయి కాబట్టి నిలిచింది.

సంతకం తర్వాత జరగాల్సిన పని ఎలా ఉంటుందో ఒక్క రోజు సంగతి చెబుతాను. ఒక ఎండాకాలం నీటి తొట్టి దగ్గర ఒంటెల కాపరి ఒకడు హత్యకు గురయ్యాడు. తెల్లవారక ముందే నాకు ఫోన్ వచ్చింది. ఇలాంటప్పుడు చూడాల్సింది ఒక్కటే: చంపినవాడి తరఫు పెద్దలు, శవాన్ని పూడ్చేలోగా, అవతలి పెద్దలకు ఫోన్ చేశారా? “వాడు మావాడే, పట్టి అప్పగిస్తాం” అన్నారా? ఆ ఫోన్ రాకపోతే సాయంత్రానికి చనిపోయినవాడి అన్నదమ్ములు బయలుదేరతారు. చంపినవాడు దొరకనక్కరలేదు, ఆ శాఖ మనిషి ఎవరు దొరికినా చాలు. ఆ రోజు ఫోన్ మధ్యాహ్నానికి వచ్చింది. అప్పటిదాకా మాలో ఎవరికీ అన్నం సహించలేదు.

తర్వాత నెలల తరబడి మగ్, అంటే రక్తపరిహారం, వసూలు సాగింది. మగవాడి ప్రాణానికి ఆచారం ప్రకారం 100 ఒంటెలు. ఇప్పుడు చాలావరకు డబ్బు రూపంలోనే ఇస్తారు. ఎవరెంత ఇచ్చారో ఒక పెద్దాయన బడి పిల్లల నోటుపుస్తకంలో రాసుకున్నాడు. పుస్తకం వెనక అట్ట మీద ఎక్కాలు అచ్చువేసి ఉన్నాయి. అందులో అమెరికాలోని మినియాపొలిస్‌లో టాక్సీ నడుపుతున్న కుర్రాడి పేరు కూడా ఉంది, వాడి వాటా హవాలాలో వచ్చింది. “ఇది హత్యను అమ్ముకోవడం కాదా?” అని అడిగేవాళ్ళు ఆ నోటుపుస్తకం ఒకసారి చూడాలి. చంపినవాడొక్కడే కట్టడు, శాఖ మొత్తం కడుతుంది. అందుకే మళ్ళీ తుపాకి తీసే కుర్రాణ్ణి సొంత మేనమామే చెంప పగలగొట్టి కూర్చోబెడతాడు. ఈ పద్ధతిలో అన్యాయం లేదని నేను అనను. ఆడమనిషి ప్రాణానికి సగమే. బలహీనమైన తెగకు ఆ సగం కూడా దక్కడం కష్టం. కానీ దీన్ని తీసి పక్కన పెడితే దాని చోటు నింపడానికి ప్రస్తుతం అక్కడ ఏమీ లేదు.

అపోహ: ఇది తరతరాల పగ, బాగుపడదు.

ఊరిని రెండుగా చీల్చే గీతకు అటూ ఇటూ వియ్యాలున్నాయి, బేరాలున్నాయి. రెండుసార్లూ నిప్పు అంటుకున్నది నిర్మాణం దగ్గరే. మేం బావి తవ్వించాలన్నా ముందు అవతలి పెద్దలకు కబురు పెట్టనిదే పని మొదలుపెట్టం. మా బాబాయిది సాలూరు, ఆయనకు ఇది చెప్పగానే అర్థమైంది. అక్కడికి దగ్గర్లో ఆంధ్ర, ఒడిశాల మధ్య నలుగుతున్న కొటియా గ్రామాల తగాదా 1968లోనే సుప్రీంకోర్టుకు ఎక్కింది. ఇప్పటికీ అక్కడ ఎవరు రోడ్డు వేస్తే ఊరు వాళ్ళదవుతుందన్న లెక్క నడుస్తూనే ఉంది. నయం, అక్కడ ఇళ్ళలో ఏకే-47లు లేవు.

అపోహ: అంతా అల్ షబాబ్ చేయిస్తోంది.

అల్ షబాబ్ అంటే సోమాలియా ప్రభుత్వంతో పోరాడుతున్న ఇస్లామిక్ తీవ్రవాద సంస్థ. గొడవ వాళ్ళకు లాభమే. కానీ 2015లోనూ 2016లోనూ కాల్చుకున్నది రెండు ప్రభుత్వాల బలగాలు, వాటి వెనకున్న శాఖలు.

అపోహ: ఫేస్‌బుక్‌లో వీడియో వచ్చిందంటే మళ్ళీ మొదలైనట్టే.

పాత వీడియోకు కొత్త తేదీ తగిలించి పంపేవాళ్ళను చూస్తే ఒళ్ళు మండుతుంది. ఒక్క వీడియోకు రాత్రికి రాత్రి వీధి మొత్తం మూటలు కట్టింది, నా కళ్ళతో చూశాను. భయపడినవాళ్ళను ఏమీ అనలేం. ఒకసారి వేచి చూసి పిల్లల్ని పోగొట్టుకున్నవాళ్ళు రెండోసారి వేచి చూడరు.

శిబిరంలో టీ అమ్మే ఒకావిడ నన్ను రోజూ “ఇంటికి వెళ్ళవచ్చా?” అని అడిగేది. నేను రేడియో వార్తలు చెప్పేవాణ్ణి కాదు. “పశువుల సంతకు అవతలి వైపు బేరగాళ్ళు వస్తున్నారా?” అని ఎదురు ప్రశ్న వేసేవాణ్ణి.

“వస్తున్నారు. కానీ మధ్యాహ్నానికే వెళ్ళిపోతున్నారు.”

“అయితే ఇంకొన్నాళ్ళు ఆగు అక్కా.”

ఒక రోజు వెళ్ళేసరికి ఆమె పొయ్యి దగ్గర ఎవరూ లేరు. బేరగాళ్ళు ముందురోజు రాత్రి సంతలోనే నిద్రపోయారట. ఆమె వాళ్ళకు టీ పోసి, తెల్లవారగానే కెటిల్ తీసుకుని వెళ్ళిపోయిందని పక్క గుడారం వాళ్ళు చెప్పారు.