సాలీడును దొంగ అనుకునే కెమెరా

గోదాముల దగ్గర, కట్టడాలు సాగుతున్న సైట్లలో రాత్రిపూట కెమెరాలను ఎక్కువగా సతాయించేది దొంగలు కాదు, సాలీళ్లు. చీకట్లో చూడటానికి కెమెరా చుట్టూ పరారుణ కాంతినిచ్చే ఎల్‌ఈడీలు పెడతారు. అక్కడ పురుగులు ముసురుతాయి, వాటి కోసం సాలీడు లెన్సు ముందే గూడు అల్లుతుంది. లెన్సుకు అంత దగ్గరగా ఉన్న పోగు ఆ కాంతిలో తెల్లగా మెరుస్తుంది. గాలికి ఊగిందంటే తెర మీద ఏదో పెద్దదే కదిలినట్టు లెక్క. ఇక అలారం!

మనిషినే కూర్చోబెట్టి చూడమనొచ్చు కదా? రెండో ప్రపంచ యుద్ధంలో రాడార్ తెరల ముందు కూర్చునేవాళ్ల ఏకాగ్రత గురించి బ్రిటన్‌లో నార్మన్ మాక్‌వర్త్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పరిశోధించాడు. అరగంటకే చూపు పట్టు సడలుతుందని 1948లో ప్రచురించాడు. ఎప్పుడో గానీ ఏమీ జరగని తెరను రాత్రంతా గమనించడం మనవల్ల కాదు.

అందుకే ఆ పని కంప్యూటర్‌కు అప్పగించారు. వీడియో అంటే వరసగా వచ్చే బొమ్మలు, ఒక్కోదాన్ని ఫ్రేము అంటారు. మొదట్లో కంప్యూటర్ ఈ ఫ్రేముకూ ముందు ఫ్రేముకూ తేడా చూసేది, అంతే. కొమ్మ ఊగినా కేకే. 1999లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయానికి చెందిన స్టాఫర్, గ్రిమ్సన్ ఇంకో దారి చూపారు. ప్రతి పిక్సెల్‌లో, అంటే బొమ్మలోని ఒక్కో చుక్కలో, మామూలుగా కనిపించే రంగులు ఏవో కంప్యూటర్ నేర్చుకుంటుంది. కాసేపు ఆకు, కాసేపు ఆకాశం కనిపించే చోట రెండూ మామూలే. చిక్కేమిటంటే, కదలకుండా చాలాసేపు కూర్చున్న మనిషి కూడా నేపథ్యంలో కలిసిపోతాడు. 2015లో వచ్చిన యోలో లాంటి న్యూరల్ నెట్‌వర్కులు (ఎన్నో బొమ్మలు చూసి వస్తువులను గుర్తుపట్టడం నేర్చుకునే ప్రోగ్రాములు) అసలు ప్రశ్ననే మార్చేశాయి: కదిలిందా అని కాదు, అక్కడున్నది మనిషా, కుక్కా, లారీనా అని.

అయినా లెక్క చూడండి. సెకనుకు 25 ఫ్రేములంటే ఒక్క కెమెరాకు రోజుకు 21.6 లక్షల ఫ్రేములు. లక్షకు ఒక్కటి తప్పినా రోజుకు 21 ఉత్తుత్తి అలారాలు. ఇరవై కెమెరాలుంటే నాలుగు వందల పైనే. అందుకే వరసగా కొన్ని ఫ్రేముల్లో కనిపిస్తేనే, తెర మీద ముందే గీసిన గీత దాటితేనే మోగేలా పెడతారు. మరీ బిగిస్తే దుప్పటి కప్పుకుని పాకుతూ వచ్చేవాణ్ని వదిలేయొచ్చు. మరీ వదులు చేస్తే వాచ్‌మన్ విసిగిపోయి సౌండ్ ఆపేస్తాడు. నా లెక్కలో రెండోదే ఎక్కువ ప్రమాదం: కెమెరా దొంగను పట్టుకున్నా, ఆ కబురు వినేవాడు ఉండడు.