వాటర్ ఇంజెక్షన్ ఆగిపోతే టర్బో ఇంజిన్‌ను కాపాడేదేమిటి? అపోహలు - వాస్తవాలు

విశాఖ ఎండలో అనంతగిరి ఘాట్ ఎక్కే టర్బో పెట్రోలు కారుకు వాటర్ ఇంజెక్షన్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిలో నీటి తుంపర చిమ్మే ఏర్పాటు) ఎంతో మేలు చేస్తుంది. కిలో నీరు ఆవిరి కావడానికి సుమారు 2,250 కిలోజౌళ్ల వేడి కావాలి. సన్నని తుంపరగా వెళ్లిన నీరు ఆ వేడిని సిలిండర్‌లోకి పోయే గాలి నుంచి లాగేసుకోవడం వల్లనే నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి తనంతట తానే మండి కొట్టుకోవడం) తగ్గి, బూస్ట్ (టర్బో నెట్టే గాలి పీడనం) పెంచడానికీ ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ పడే క్షణం) ముందుకు జరపడానికీ వీలు కలుగుతుంది. ఈ ట్యూనింగ్ అంతా నీటినే నమ్ముకుని చేసినది కనుక, నీరు ఆగిన మరుక్షణం నుంచి పిస్టన్లకు ముప్పు మొదలవుతుంది. ఆటోనగర్‌లో కార్ల యజమానుల నుంచి నేను తరచుగా వినే కొన్ని అభిప్రాయాలను ఇక్కడ పరిశీలిస్తున్నాను.

అపోహ: ట్యాంకులో నీరుండి, పంపు శబ్దం వినిపిస్తుంటే అంతా సవ్యంగా ఉన్నట్లే.

వాస్తవం: నీటిని చిమ్మే నాజిల్ రంధ్రం మిల్లీమీటరు కన్నా సన్నగా ఉంటుంది. బోరు నీరు పోసిన కారులో నాజిల్ విప్పి చూస్తే, దాని జాలీ మీద సున్నం తెల్లగా పేరుకుని గోటితో గీకినా రాదు. అయినా పంపు మాత్రం ఎప్పటిలాగే మోగుతూ ఉంటుంది. అందుకే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి, నాజిల్‌కు దగ్గరలో ఫ్లో సెన్సర్ పెట్టాలి. ఆ సెన్సర్‌కు కనిష్ఠ పరిమితి ఒక్కటే పెడితే సరిపోదు: సెన్సర్ దాటాక పైపు ఊడిపోతే ప్రవాహం తగ్గదు సరికదా పెరుగుతుంది, కాబట్టి గరిష్ఠ పరిమితి కూడా తప్పనిసరి.

అపోహ: హెచ్చరిక దీపం వెలగగానే యాక్సిలరేటర్ వదిలేస్తే చాలు.

వాస్తవం: 6,000 ఆర్‌పీఎం వద్ద ఒక్కో సిలిండర్‌లో సెకనుకు 50 సార్లు మంట పుడుతుంది, మీరు దీపం చూసి కాలు తీసేలోపు జరగవలసిన నష్టం జరిగిపోవచ్చు. 1962లో వచ్చిన ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్‌లోనే నీరు, మిథనాల్ కలిసిన ద్రవం అయిపోతే బూస్ట్ దానంతట అదే తగ్గే ఏర్పాటు ఉంది. మనం చేసే వైరింగ్‌లో బూస్ట్ సోలనాయిడ్‌కు (బూస్ట్‌ను పెంచే విద్యుత్ వాల్వ్) కరెంటు ఒక రిలే (విద్యుత్ సంకేతంతో పనిచేసే స్విచ్) ద్వారా వెళ్లాలి, ఆ రిలే "ప్రవాహం సరిగా ఉంది" అన్న సంకేతం అందినంతసేపే కలిసి ఉండాలి. అప్పుడు మన సముద్రపు గాలికి కనెక్టరు తుప్పుపట్టి సంకేతం తెగినా, బూస్ట్ వేస్ట్‌గేట్ (ఎగ్జాస్ట్‌ను టర్బోకు పోకుండా పక్కకు మళ్లించే తలుపు) స్ప్రింగ్ అనుమతించే కనిష్ఠ స్థాయికి పడిపోతుంది. అదే సంకేతంతో ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) టైమింగ్‌ను కూడా వెనక్కి తీసుకోవాలి. మిథనాల్ కలిపి వాడేవారికి అది ఇంధనం కూడా కనుక, ఆ లోటు మేరకు పెట్రోలు పెంచాలి.

అపోహ: నాక్ సెన్సర్ ఉండగా ఇవన్నీ ఎందుకు?

వాస్తవం: అది నాకింగ్ మొదలయ్యాకే పసిగడుతుంది, టైమింగ్‌ను కొన్ని డిగ్రీల వరకే సరిచేయగలదు.

అపోహ: నీరు ఎక్కువైతే నష్టం లేదు.

వాస్తవం: నాజిల్ థ్రాటిల్ (గాలి దారిలో యాక్సిలరేటర్‌తో తెరుచుకునే తలుపు) తరువాత ఉంటే, ఐడ్లింగ్‌లో ఏర్పడే వాక్యూమ్ ట్యాంకులోని నీటిని లాగేస్తుంది. ట్యాంకు నాజిల్ కన్నా ఎత్తులో ఉంటే బండి ఆపాక కూడా నీరు కారి సిలిండర్‌లో చేరవచ్చు; నీరు నొక్కుకుపోదు కనుక, మళ్లీ స్టార్ట్ చేసినప్పుడు కనెక్టింగ్ రాడ్ (పిస్టన్‌ను క్రాంక్‌షాఫ్ట్‌కు కలిపే కడ్డీ) వంగిపోవచ్చు. నాజిల్ పక్కనే సోలనాయిడ్ వాల్వ్ బిగించడమే దీనికి సరైన మందు.

బిగించిన రక్షణను మూడు నెలలకోసారైనా పరీక్షించాలి. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు ఫ్లో సెన్సర్ ప్లగ్ తీసి, ఖాళీ రోడ్డు మీద, పక్కన మరొకరు బూస్ట్ గేజ్ చూస్తుండగా, యాక్సిలరేటర్‌ను కొద్దికొద్దిగా తొక్కండి. బూస్ట్ స్ప్రింగ్ స్థాయిని దాటుతుంటే వెంటనే కాలు తీసి, వైరింగ్ సరిచేసే వరకు ఆ కారును వాటర్ ఇంజెక్షన్ ట్యూనింగ్‌తో నడపకండి.