విమానం చక్రానికి పంచరైతే

ప్రొద్దుటూరు

మన వీధి పిల్లలందరికీ తాత ఆశీస్సులు.

కడపలో దిగే ఏటీఆర్ అనే ప్రయాణికుల విమానం టైరు పంచరైతే ఎవరు అతుకేస్తారని మీరడిగితే అరుగు మీద సగమే చెప్పినాను. మిగిలింది రాస్తున్నాను. ఏటీఆర్ సంగతి ఒక్క మాటలో అయిపోతుంది. అక్కడ కూర్చొని అతుకేసేది ఏమీ ఉండదు. నైట్రోజన్ నింపి సిద్ధంగా ఉంచిన చక్రం తెచ్చి, పాడైనదాన్ని ఊడదీసి, కొత్తది ఎక్కిస్తారు. మీరు తెలుసుకోవాల్సింది అంగడీ మనిషీ లేని చోట దిగే చిన్న విమానాల గురించి. సర్వీసులో ఉన్నన్నాళ్లూ విమాన చక్రాల దగ్గరే పని చేసినవాణ్ణి కాబట్టి ఈ విషయం మీకు వివరంగా చెప్పాలని నాకు చాలా ఉంది.

అమెరికాలో అలాస్కా అనే రాష్ట్రముంది. అక్కడ చాలా ఊర్లకు రోడ్డే లేదు. సరుకులు, ఉత్తరాలు, జబ్బు పడినవాళ్లు, అందరూ అన్నీ చిన్న విమానాల్లోనే పోవాలి. వాటిలో పేరుమోసింది సూపర్ కబ్. 1949లో మొదలైన రెండు సీట్ల విమానం, ఖాళీగా ఉంటే 420 కిలోల చిల్లర. ఏటి ఇసుకలోనూ గులకరాళ్ల మీదా దిగడానికి దానికి 31 అంగుళాల ఎత్తుండే లావుపాటి టైర్లు వేసుకుంటారు. మీ నాయన బండి వెనక చక్రానికి 32 గాలి పెట్టిస్తాడు కదా, వీటికి పది కూడా పెట్టరు. గాలి తక్కువుంటే టైరు రాయి మీద అణిగి దాటుకుపోతుంది. అయితే అంత మెత్తని రబ్బరు పదునైన రాయికి ఇట్టే తెగుతుంది.

రాయొక్కటే కాదు, ముల్లు కూడా ఉంది. మన శెనక్కాయ చేలల్లో అరికాలికి గుచ్చుకునే పల్లేరుకాయ మీకు తెలుసు. అదే మొక్క సముద్రాలు దాటిపోయి అమెరికా పడమటి ఎడారి ప్రాంతాల్లో పాతుకుపోయింది. మట్టి రన్‌వేల అంచుల్లో అల్లుకొని చిన్న విమానాల ట్యూబులు పొడుస్తుంది. అది ఎట్లా పడినా ఒక ముల్లు పైకే నిలబడి ఉంటుంది. అందుకే తెలిసిన పైలట్లు చక్రాన్ని అంచు గడ్డిలోకి పోనివ్వరు. విమానం ఆపగానే దిగి టైరు చుట్టూ చూసుకుంటారు. ముల్లు కనబడినా వెంటనే పీకరు. అది గుచ్చుకొని ఉన్నంతసేపు గాలి మెల్లగా పోతుంది, పీకితే ఒక్కసారిగా పోతుంది.

గాల్లో ఉండగానే టైరు పోయిందని తెలిస్తే, మంచి చక్రం వైపు కాస్త వాలి, దాని మీదే దిగుతారు. పాడైన చక్రాన్ని వీలైనంతసేపు నేలకు తగలనివ్వరు. వేగం తగ్గి అది నేలకు ఆనగానే విమానం ఆ పక్కకు లాగుతుంది. ఎదురు పక్క పెడలు, బ్రేకుతో దాన్ని నిలబెట్టుకోవాలి. లేకపోతే గిర్రున తిరిగి రెక్క నేలకు కొట్టుకుంటుంది.

ఇంక నేల మీది పని. ముందు రెండో చక్రానికి అటూ ఇటూ రాళ్లు అడ్డం పెట్టాలి. జాకీ లేకపోతే ఇరుసు కింద రాళ్లు పేర్చి, చక్రం కింద గుంత తవ్వితే చక్రం బయటికి వస్తుంది. మామూలు టైర్లున్న చిన్న విమానాలకు రిమ్ము రెండు ముక్కలుగా ఉంటుంది, బోల్టులతో బిగించి ఉంటారు. ఇక్కడే నా మాట బాగా వినండి. ఆ బోల్టుల మీద స్పానర్ పెట్టకముందే వాల్వు పిన్ను తిప్పి పూర్తిగా బయటికి తీసేయాలి. పంచరైంది కదా, ఇంకా గాలెక్కడిది అనుకుంటారు. సన్న ముల్లు పంచరైతే సగం గాలి లోపలే ఉంటుంది. 30 గాలి అంటే చదరపు అంగుళానికి 13 కిలోలకు పైగా తోపు. టైరు లోపల ఉన్న అంగుళాలన్నీ కలిపితే వందల కిలోలు. గాలి ఉండగా బోల్టులు వదులు చేస్తే రిమ్ము ముక్క ఎగిరి మనిషిని చంపుతుంది. గాలి పోయిన చక్రంతో భయం లేదు, మిగిలిన గాలితోనే భయం.

లారీ చక్రాల రింగు కూడా ఇట్లాంటిదే. సరిగా కూర్చోకపోతే గాలి ఎక్కించేటప్పుడు ఎగిరి పడుతుంది. మీరు బైపాస్ రోడ్డు పంచర్ అంగడి దగ్గర దానికి ఎదురుగా గొంతుక్కూచొని చూస్తుంటారు. వద్దు నాయనా. చూడాలంటే దూరంగా, పక్కగా నిలబడండి.

టైరును రిమ్ము నుంచి విడదీయడానికి మన మెకానిక్కులు వాడే ఇనుప పట్టీ ఇక్కడ పనికిరాదు. ఈ రిమ్ములు తేలికైన లోహంతో చేసినవి. గీత పడితే అక్కడి నుంచే పగులు మొదలవుతుంది. చేత్తోనో కాలితోనో అణిచి విడదీయాలి. ట్యూబు తీసినాక టైరు లోపలంతా గుడ్డతో తుడవాలి. ముల్లు మొన మిగిలి ఉంటే గుడ్డకు తగులుకుంటుంది. దాన్ని తీయకుండా అతుకేస్తే మళ్లీ పంచరే. అతుకు వేసే పద్ధతి సైకిలుకు వేసినట్లే: నీళ్లలో ముంచి బుడగలు చూడటం, గరుకు కాగితంతో రుద్దడం, సొల్యూషన్ పూసి అది జిగటగా ఆరేదాకా ఆగి, రబ్బరు ముక్క ఒత్తిపెట్టడం. తొందరపడి తడి మీద అంటిస్తే నిలవదు.

తర్వాత ట్యూబుకు పౌడర్ పూసి, ఆకారం వచ్చేటంత గాలి పెట్టి టైరులో సర్దాలి. అప్పుడు గాని రిమ్ము ముక్కలు కలపగూడదు. లేకపోతే ట్యూబు వాటి మధ్య నలుగుతుంది. బోల్టులు ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించాలి. గాలి ఒకసారి నింపి, పూర్తిగా వదిలి, మళ్లీ నింపాలి. అప్పుడే ట్యూబు మడతలు విడిపోతాయి. కాసేపాగి గాలి తగ్గలేదని చూసుకొని ఎగురుతారు.

ఆ అతుకు ఇల్లు చేరేవరకే. చేరిన రోజే ఆ ట్యూబు తీసి పారేసి కొత్తది వేస్తారు.

ఇట్లు,
మీ తాత