క్లే షూటింగ్ తుపాకులు, సామగ్రి: అపోహలు - వాస్తవాలు

విజయవాడ, గుంటూరు ప్రాంతంలో క్లే షూటింగ్ (మెషీన్ గాల్లోకి విసిరే బిళ్లలను షాట్‌గన్‌తో పగలగొట్టే ఆట) మీద మనసుపడినవాళ్లలో చాలామందికి మొదట దొరికేది ఇంట్లో తాతలనాటి 12 బోరు డబుల్ బ్యారెల్. దాంతోపాటే దాని గురించిన నమ్మకాలు కూడా వారసత్వంగా వస్తాయి. వాటిలో కొన్ని డబ్బు దండగ చేస్తాయి, కొన్ని గురిని పాడుచేస్తాయి. ఒకటి మాత్రం వేళ్లు, కళ్లు పోగొట్టగలదు. ముందు దాని సంగతే చూద్దాం.

అపోహ: తూటా ఛాంబర్‌లోకి (గొట్టం వెనక తూటా కూర్చునే చోటు) సాఫీగా దిగిందంటే అది ఆ తుపాకీకి సరిపోయినట్టే.

వాస్తవం: కానే కాదు. పెట్టె మీద 70 మి.మీ. అని రాసి ఉండేది తూటా పేలాక, మూతి మడతలు విచ్చుకున్న తర్వాతి పొడవు. పేలకముందు అది 60 మి.మీ. లోపే ఉంటుంది. అందుకే 65 మి.మీ. ఛాంబర్ ఉన్న పాత తుపాకీలోకి కూడా నిక్షేపంగా దిగుతుంది. పేలినప్పుడు మడతలు విచ్చుకునే చోటు ఉండదు. ఛాంబర్ చివర గొట్టం సన్నబడే దగ్గర అవి ఇరుక్కుంటే, గుళ్లూ, వాటి వెనక బిరడాలా ఉండే వాడ్డూ ఆ ఇరుకులోంచే దూరి పోవాలి. లోపలి ఒత్తిడి హద్దు దాటుతుంది. పాత తుపాకీ అయితే ముందు గొట్టాల అడుగున, ఛాంబర్ పక్కన ఉన్న ముద్రలు చదవండి. 65 అనో, రెండున్నర అంగుళాలు అనో ఉంటే 70 మి.మీ. తూటా అందులో వేయకూడదు. ముద్ర అరిగిపోతే గన్‌స్మిత్ దగ్గర ఛాంబర్ గేజ్‌తో కొలిపించాలి, అంచనాతో పని జరగదు.

ఇదే కోవలో ఇంకొకటుంది. 12 బోరు, 20 బోరు తూటాలు ఒకే సంచిలో ఎప్పుడూ ఉండకూడదు. 20 బోరు తూటా 12 బోరుదానికన్నా సన్నది, దాన్ని 12 బోరు ఛాంబర్‌లో వేస్తే అది జారి ముందుకు పోయి గొట్టంలో ఇరుక్కుంటుంది. వెనక నుంచి చూస్తే ఛాంబర్ ఖాళీగానే కనిపిస్తుంది. దాని వెనక 12 బోరు వేసి నొక్కితే గొట్టం చీలుతుంది, అదీ సరిగ్గా ఎడమ చెయ్యి పట్టుకునే చోట. 20 బోరు తూటాలకు పసుపు రంగు వేసే ఆనవాయితీ ఈ ప్రమాదం వల్లే వచ్చింది.

మరో మాట. తూటా పేలినప్పుడు రోజూ వినే ధన్‌మనే చప్పుడు కాకుండా తుస్సుమంటే అక్కడికక్కడే ఆగండి. తుపాకీని మడత దగ్గర తెరిచి, తూటా తీసి, గొట్టంలోంచి వెలుతురు కనిపిస్తోందో లేదో చూడండి. వాడ్ లోపలే ఉండిపోయి ఉండొచ్చు. అసలు పేలకపోతే మూతిని టార్గెట్ల వైపే ఉంచి 30 సెకన్లు ఆగి, అప్పుడు విప్పండి.

అపోహ: గొట్టం ఎంత పొడవుంటే గుళ్లు అంత దూరం పోతాయి.

వాస్తవం: ఇప్పటి తూటాల్లోని మందు, గొట్టం మొదటి సగంలోనే దాదాపు కాలిపోతుంది. పైన నాలుగైదు సెంటీమీటర్లు పెరిగితే వేగంలో వచ్చే తేడా క్లేకి తెలియనంత తక్కువ. పొడవు వల్ల వచ్చే లాభం వేరు: మూతి వైపు బరువు పెరిగి ఊపు నిలకడగా, మధ్యలో ఆగకుండా సాగుతుంది. స్కీట్‌కు (క్లేలు పక్కల నుంచి అడ్డంగా ఎగిరే పోటీ) 71 సెం.మీ., ట్రాప్‌కు (క్లేలు మన ముందు నుంచి దూరంగా పోయే పోటీ) 76 నుంచి 81 సెం.మీ. వాడుకలో ఉన్నది అందుకే. పొడవు ఎక్కువైందని గొట్టం కోయించే ఆలోచన మాత్రం పెట్టుకోవద్దు. ఆయుధాల చట్టం 1959, సెక్షన్ 6 ప్రకారం దానికి విడిగా లైసెన్సు కావాలి. పైగా గుళ్ల గుంపును బిగించే చోక్ ఉండేది మూతి దగ్గరే కాబట్టి కోతతో అదీ పోతుంది.

అపోహ: ఫుల్ చోక్ ఉంటే గుళ్లు గుంపుగా పోతాయి, కొత్తవాళ్లకు అదే మేలు.

వాస్తవం: కొత్తవాళ్లు తప్పడానికి ఇదో పెద్ద కారణం. చోక్ అంటే మూతి దగ్గర గొట్టాన్ని కాస్త బిగించడం. ఫుల్‌లో ఈ బిగింపు సుమారు 1 మి.మీ., హాఫ్‌లో 0.5, క్వార్టర్‌లో 0.25, స్కీట్ చోక్‌లో దాదాపు 0.12. స్కీట్‌లో క్లే పగిలేది 18-20 మీటర్ల దగ్గర. అక్కడ ఫుల్ చోక్ గుంపు వెడల్పు 40 సెం.మీ. ఉంటే క్వార్టర్‌ది 65 దాకా వస్తుంది. వైశాల్యంలో ఇది రెండున్నర రెట్లకు పైమాటే. ట్రాప్‌లో క్లే 32-38 మీటర్ల దగ్గర దొరుకుతుంది కాబట్టి అక్కడ హాఫ్, ఫుల్ పనికొస్తాయి. పాత డబుల్ బ్యారెల్స్‌లో సాధారణంగా ఒక గొట్టం హాఫ్, ఒకటి ఫుల్ ఉంటుంది, మార్చే వీలుండదు. దాంతో స్కీట్ నేర్చుకోబోయి నిరాశపడేకన్నా దూరపు క్లేలతో మొదలుపెట్టడం మంచిది.

గొట్టం మీద రాసిన చోక్ మాట ఒకటైతే మీ తూటాతో అది చేసే పని ఇంకొకటి కావచ్చు. తేల్చుకోవడం సులువే. మీటరుంపావు చదరపు కాగితం 36.5 మీటర్ల దూరంలో కట్టి ఒక్క తూటా కాల్చండి. గుళ్లు దట్టంగా పడ్డ చోట 76 సెం.మీ. వ్యాసంతో వృత్తం గీసి లోపలి చిల్లులు లెక్కపెట్టండి. తూటాలోని గుళ్లలో 70 శాతం లోపల పడితే ఫుల్, 60 అయితే హాఫ్, 50-55 అయితే క్వార్టర్. ఒక్క కాగితంతో నిర్ణయానికి రాకండి, కనీసం ఐదు కావాలి.

అపోహ: షాట్‌గన్ గుళ్లు చల్లుతుంది, గురి అక్కర్లేదు. బరువు తూటా వేస్తే ఇంకా ఎక్కువ క్లేలు పగులుతాయి.

వాస్తవం: అంతర్జాతీయ పోటీల్లో తూటాకు 24 గ్రాములే గుళ్లు. 2.4 మి.మీ. గుళ్లయితే సుమారు 295 వస్తాయి. 28 గ్రాములు వేస్తే 345. ఆ యాభై గుళ్లు, పక్కకు పోయిన గురిని దారికి తేలేవు. కానీ 25 క్లేల రౌండు పూర్తయ్యేసరికి భుజానికి ఆ తేడా బాగా తెలుస్తుంది. భుజం నొప్పెడితే మనిషి పేలకముందే ముడుచుకుంటాడు, క్లే తప్పుతుంది. గుళ్ల సైజుకు నంబరు చూసి కొనకండి, దేశాన్నిబట్టి ఆ నంబర్లు మారతాయి. పెట్టె మీది మి.మీ. అంకె చూడండి: స్కీట్‌కు 2.0, ట్రాప్‌కు 2.4.

అపోహ: తేలిక తుపాకీ అయితే భుజానికి హాయి.

వాస్తవం: చేత్తో మోసేటప్పుడు హాయే, పేల్చేటప్పుడు కాదు. అదే తూటాతో 2.7 కిలోల తుపాకీ తన్నే శక్తి 3.5 కిలోల దానికన్నా దాదాపు 30 శాతం ఎక్కువ.

అపోహ: ఖరీదైన తుపాకీ కొంటే గురి దానంతటదే వస్తుంది.

వాస్తవం: రైఫిల్‌కు వెనక సైట్ ఉంటుంది. షాట్‌గన్‌కు వెనక సైట్ మన కన్నే. స్టాక్ (భుజానికి ఆనించే చెక్క భాగం) మీద చెంప ఆనే చోటు 3 మి.మీ. ఎత్తయినా, పల్లమైనా కన్ను అంత మేర పైకో కిందికో పోతుంది. కంటికీ మూతికీ మధ్య సుమారు ఒక మీటరు, క్లే 35 మీటర్ల దూరంలో అనుకుంటే ఆ 3 మి.మీ. అక్కడ 10 సెం.మీ. అవుతుంది. క్లే వెడల్పే 11 సెం.మీ. లక్షలు పోసి కొన్న తుపాకీ కూడా కొలత కుదరకపోతే ఇక్కడే ఓడిపోతుంది. బేరం కుదుర్చుకునే ముందు దీనికి అరగంట కేటాయించండి.

తుపాకీ ఖాళీ అని రెండుసార్లు చూసుకున్నాక, కళ్లు మూసుకుని భుజానికి పెట్టండి. తర్వాత కళ్లు తెరవండి. గొట్టం పైనున్న రిబ్ సన్నటి గీతలా కొద్దిగా కనిపిస్తే సరే. గొట్టం వెనక భాగమే అడ్డొచ్చి బీడ్ (మూతి మీది చిన్న పూస) కనిపించకపోతే స్టాక్ పల్లంగా ఉన్నట్టు. రిబ్ అంతా రోడ్డులా పరుచుకుని కనిపిస్తే స్టాక్ ఎత్తుగా ఉన్నట్టు. కుడిచేతి బొటనవేలికీ ముక్కుకూ మధ్య రెండు మూడు వేళ్ల సందు ఉండాలి. వేలు ముక్కుకు తగిలితే స్టాక్ పొట్టిది, భుజానికి తెచ్చేటప్పుడు చంకలో తట్టుకుంటే పొడవైంది. పల్లాన్ని చెంప దగ్గర అతికించే ఫోమ్ పట్టీలతో ముందు సరిచేసి చూసి, కుదిరాకే చెక్క పని చేయించండి.

దీనికన్నా ముందు ఏ కన్ను నడిపిస్తోందో తెలియాలి. రెండు కళ్లూ తెరిచి దూరంగా ఉన్న సెల్ టవర్ మీద బొటనవేలు నిలపండి. ఎడమకన్ను మూయండి. వేలు టవర్ మీదే ఉంటే కుడికన్నే మీ కన్ను. పక్కకు జరిగితే ఎడమది. కుడిచేతి వాటం, ఎడమకన్ను నడక ఉన్నవాళ్లు అద్దాల ఎడమ గ్లాసు మీద, కంటిపాపకు ఎదురుగా రూపాయి బిళ్లంత మసక టేపు అంటిస్తే చాలావరకు సరిపోతుంది.

అపోహ: తుపాకీకి నూనె ఎంత పట్టిస్తే అంత మంచిది. కొబ్బరినూనె అయినా ఫరవాలేదు.

వాస్తవం: వంటనూనె ఏదైనా కొన్నాళ్లకు మక్కి ఆమ్లమవుతుంది, లేదా జిగురుకడుతుంది. రెండూ ఇనుముకు చేటే. కుట్టు మిషన్ నూనె కదిలే భాగాలకు పనికొస్తుంది గానీ వానాకాలం తుప్పును ఆపదు. డబ్ల్యూడీ-40 తడిని తరిమేందుకు మంచిది, దాన్నే కందెనగా నమ్ముకోకూడదు. తుప్పు నిరోధించే గన్ ఆయిల్ ఒకటి, గ్రీజు ఒకటి ఉంటే చాలు.

నూనె ఎక్కువైతే జరిగేది ఇది: తుపాకీని మూతి పైకి పెట్టి నిలబెడితే నూనె గొట్టాల్లోంచి, యాక్షన్‌లోంచి (తూటాను పేల్చే యంత్రభాగం) కిందికి జారి స్టాక్ చెక్కలోకి ఇంకుతుంది. కొన్నేళ్లకు చెక్క నల్లబడి, మెత్తబడి, తన్నుకు పగులుతుంది. ఫైరింగ్ పిన్ రంధ్రంలో చేరిన నూనె దుమ్ముతో గడ్డకట్టి దెబ్బ మెత్తగా పడుతుంది, తూటా పేలదు. అప్పుడు తప్పంతా తూటా మీదికి పోతుంది.

కాల్చి వచ్చిన రోజే చేయాల్సిన పని పావుగంటది. గొట్టాలు విడదీయండి. ఛాంబర్ వైపు నుంచి సాల్వెంట్ తడిపిన గుడ్డ పంపి పది నిమిషాలు వదిలేయండి. ఫాస్ఫర్ బ్రాంజ్ బ్రష్‌తో పదిసార్లు తోమండి. సీసం కన్నా మొండిది వాడ్ వదిలిన ప్లాస్టిక్ పొర, గొట్టం లోపల మసక చారల్లా కనిపిస్తుంది. పొడి గుడ్డలు తెల్లగా వచ్చేదాకా పంపి, చివర నూనె అంటిన గుడ్డ ఒక్కసారి పంపండి. స్క్రూ చోక్‌లు ఉంటే ప్రతిసారీ విప్పి, మరలు తుడిచి, పల్చగా గ్రీజు రాసి బిగించండి. రౌండు రౌండుకూ బిగువు చూడండి. వదులైన చోక్‌ను గుళ్లు తగిలి ఉబ్బిస్తాయి. చోక్ లేకుండా కాలిస్తే గొట్టం మరలే పోతాయి. గొట్టాలు యాక్షన్‌లో కూర్చునే మడత దగ్గర పాత గ్రీజు పూర్తిగా తుడిచి, మిరప గింజంత కొత్త గ్రీజు పెట్టండి. పాతదాని మీద కొత్తది రాస్తే అందులోని ఇసుక సానరాయిలా అరగదీస్తుంది.

అపోహ: ఫోమ్ పెట్టెలో పెట్టి బీరువాలో తాళం వేస్తే భద్రం.

వాస్తవం: దొంగల నుంచి భద్రమే, తేమ నుంచి కాదు. కృష్ణ ఒడ్డు ఉక్కలో ఫోమ్, తోలు, బట్ట అన్నీ తేమ పీల్చి ఇనుముకు ఆనించి పెడతాయి. పెట్టె ప్రయాణానికే. ఇంట్లో తుపాకీని పెట్టెలోంచి తీసి, తాళమున్న ఇనప బీరువాలో మూతి కిందికి ఉండేలా మెత్తటి మ్యాట్ మీద నిలపండి. అర కిలో సిలికా జెల్, తేమ కొలిచే చిన్న హైగ్రోమీటర్ పెట్టి తేమ 45-50 శాతం మధ్య ఉంచండి. మరీ తగ్గితే చెక్క చీలుతుంది. రంగు మారిన జెల్‌ను 110 డిగ్రీల దగ్గర రెండు గంటలు వేడిచేస్తే మళ్లీ పనికొస్తుంది. నీలం రంగుదాంట్లో కోబాల్ట్ ఉంటుంది, వంట ఓవెన్‌లో పెట్టకండి.

ఏసీ కారులోంచి వానాకాలం గాలిలోకి తుపాకీ తీస్తే చల్లని ఇనుము మీద చెమట పట్టినట్టు నీరు చేరుతుంది. దిగాక 20 నిమిషాలు సంచి విప్పకుండా ఉంచండి, ఆ తడి సంచికి పడుతుంది. తర్వాత రిబ్ కిందా, రెండు గొట్టాల నడుమా తుడవడం మరవద్దు, తుప్పు మొదలయ్యేది అక్కడే.

ఎన్నికల కోడ్ సమయంలో తుపాకీని పోలీస్ స్టేషన్‌లో డిపాజిట్ చేయమని ఆదేశం అందినవాళ్లకు ఇది మరీ ముఖ్యం. 2024లో మార్చి 16న కోడ్ వస్తే ఓట్ల లెక్కింపు జూన్ 4న జరిగింది. అంటే రెండున్నర నెలలు తుపాకీ మీ చేతిలో ఉండదు. ఇచ్చే ముందు పూర్తిగా శుభ్రం చేసి, గొట్టాల లోపల పల్చటి గ్రీజు పొర వేసి, ఫోమ్ లేకుండా గుడ్డ సంచిలో ఇవ్వండి. రసీదులో నంబరు సరిచూసుకోండి. తిరిగి తెచ్చాక ఆ గ్రీజు పూర్తిగా తీసేసే వరకు కాల్చవద్దు.

అపోహ: చెవుల్లో దూది, కళ్లకు మామూలు నల్లద్దాలు చాలు.

వాస్తవం: 12 బోరు చప్పుడు 150 డెసిబెల్స్ దాటుతుంది. ఇలాంటి ఒక్కసారి పేలుడుకు చెవికి హద్దు 140. దూది దాన్ని ఆపలేదు. ఫోమ్ ప్లగ్‌ను సన్నగా నలిపి, చెవిని పైకి లాగి లోపలికి పెట్టి, ఉబ్బేదాకా వేలితో ఆపాలి. పైన చెవులను కప్పే మఫ్ కూడా ఉంటే మంచిది. పోయిన వినికిడి తిరిగి రాదు. అద్దాలు పాలీకార్బొనేట్‌వే కావాలి, పగిలిన క్లే ముక్కలు వెనక్కి కూడా వస్తాయి. మన వేసవి తెల్లటి ఆకాశం మీద నారింజ క్లే తేలేది గులాబీ, ఎర్ర ఛాయ గ్లాసుల్లోనే. నల్లద్దాల్లో క్లే మసకబారుతుంది.

అపోహ: క్లే అంటే మట్టి బిళ్ల, ఎండకు ఏమవుతుంది?

వాస్తవం: పేరులో మట్టి ఉన్నా అది సున్నపురాయి పొడి, తారు లాంటి పిచ్ కలిపి పోసిన బిళ్ల, 105 గ్రాములు. రోళ్లు పగిలే రోహిణి కార్తె ఎండలో పిచ్ మెత్తబడి ఒకదానికొకటి అంటుకుంటాయి, మెషీన్‌లో ఇరుక్కుంటాయి. నీడలోనే ఉంచాలి. తూటాలూ అంతే: ఎండలో ఆగిన కారు డిక్కీలో వేడెక్కిన మందు మామూలుకన్నా ఎక్కువ ఒత్తిడి పుట్టిస్తుంది.

అపోహ: చిన్న గుళ్లు యాభై మీటర్లకు రాలిపోతాయి, పొలం గట్టు మీద సాధన చేసుకోవచ్చు.

వాస్తవం: 2.4 మి.మీ. గుండు 190 మీటర్ల దాకా పోతుంది. డెల్టాలో ఆ దూరంలో ఎవరో ఒకరు నాట్లు వేస్తూనో, గేదెలు మేపుతూనో ఉంటారు. క్లే కాల్చేది రేంజ్‌లోనే. కాల్చాక చేతులు సబ్బుతో కడుక్కునేదాకా ఏదీ తినవద్దు, సీసం పొడి వేళ్ల మీదుంటుంది. ఆ బట్టలు పిల్లల బట్టలతో కలిపి ఉతకవద్దు.

అపోహ: లైసెన్సు చేతిలో ఉంటే హైదరాబాద్ రేంజ్‌కు నేరుగా తీసుకుపోవచ్చు.

వాస్తవం: లైసెన్సులో ఏరియా వ్యాలిడిటీ కాలమ్ చదవండి. ఆంధ్రప్రదేశ్ వరకే అని ఉంటే తెలంగాణ సరిహద్దు దగ్గరి గరికపాడు చెక్‌పోస్టు దాటాక ఆ లైసెన్సు చెల్లదు. ముందుగా పరిధి పెంచమని లైసెన్సింగ్ అధికారికి దరఖాస్తు పెట్టుకోవాలి. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత ఒకరి పేరు మీద సాధారణంగా రెండే తుపాకులు, లైసెన్సు గడువు ఐదేళ్లు. ప్రయాణంలో గొట్టాలు విడదీసి తాళం వేసిన పెట్టెలో, తూటాలు వేరే పెట్టెలో, అసలు లైసెన్సు పుస్తకం జేబులో ఉండాలి.