ఒప్పుకోలు చుట్టూ యాభై ఏళ్లు: ఇజ్రాయెల్ ఇంటరాగేషన్ గదుల వెనక చట్టం

పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో చెల్లదన్నది మనకు అలవాటైన సూత్రం (టాడా, పోటా రోజుల్లో దానికి మినహాయింపు పెడితే ఏమైందో కూడా మనకు తెలుసు). ఇజ్రాయెల్‌లో ఆ సూత్రం లేదు. నిందితుడు స్వేచ్ఛగా, తనంతట తానే చెప్పాడని ప్రాసిక్యూషన్ రుజువు చేసుకుంటే అక్కడి సాక్ష్యాల ఆర్డినెన్స్ 12వ సెక్షన్ ప్రకారం ఒప్పుకోలు చెల్లుతుంది. దానికి ఇంకో చిన్న ఆధారం తోడైతే చాలు, శిక్ష వేయొచ్చు. కొట్టి చెప్పించారని నిందితుడు అంటే, ఆ ఒక్క విషయం తేల్చడానికే కేసు మధ్యలో విడిగా ఒక చిన్న విచారణ జరుపుతారు. గొడవంతా ఆ చిన్న విచారణ దగ్గరే పుట్టింది.

భద్రతా కేసుల్లో ఒప్పుకోలు రెండు చేతులు మారి వస్తుంది. జెరూసలేంలోని మస్కోబియ్యా, పెతాహ్ తిక్వా, హైఫా దగ్గరి కిషోన్, అష్కెలోన్‌లోని షిక్మా వంటి కేంద్రాల్లో ముందు షిన్ బెట్ (ఇజ్రాయెల్ అంతర్గత భద్రతా నిఘా సంస్థ) అధికారులు నిందితుడి చేత నోటితో చెప్పిస్తారు. తర్వాత ఇంకో గదిలో పోలీసు అధికారి అదే విషయాన్ని వాంగ్మూలంగా రాసుకుని సంతకం పెట్టిస్తాడు. అరబిక్‌లో చెప్పింది హీబ్రూలో కాగితం మీదికెక్కిన కేసులు బోలెడు. తన గదిలో ఎవరూ చెయ్యి చేసుకోలేదని ఆ పోలీసు కోర్టులో చెప్పే మాట నిజమే. పక్క గదిలో ఏం జరిగిందన్నదే ప్రశ్న. 1971 నుంచి షిన్ బెట్ వాళ్లే బోనెక్కి దానికి జవాబు చెప్పాల్సి వచ్చింది. పదహారేళ్లపాటు వాళ్లు ప్రమాణం చేసి మరీ అబద్ధం చెప్పారు.

అది బయటపడడానికి రెండు దెబ్బలు తగలాల్సి వచ్చింది. 1984 ఏప్రిల్‌లో టెల్ అవీవ్ నుంచి అష్కెలోన్ వెళ్తున్న 300 నంబరు బస్సును నలుగురు పాలస్తీనీయులు హైజాక్ చేశారు. సైన్యం బస్సులోకి దూసుకెళ్లినప్పుడే నలుగురూ చనిపోయారని మొదట ప్రకటించారు. కానీ ఒకడిని సజీవంగా నడిపించుకుపోతున్న ఫొటో ‘హదషోత్’ పత్రిక చేతికి చిక్కింది. పట్టుబడిన ఇద్దరినీ తర్వాత చంపేశారని, విచారణ సంఘాలకు కట్టుకథ చెప్పారని తేలింది. 1986లో షిన్ బెట్ అధిపతి అవ్రహాం షాలోం రాజీనామా చేశారు. కేసు కోర్టు మెట్లెక్కకముందే అప్పటి దేశాధ్యక్షుడు హెర్జోగ్ క్షమాభిక్ష పెట్టేశారు. రెండో దెబ్బ ఇజ్జత్ నఫ్సు కేసు. సిర్కాసియన్ జాతికి చెందిన ఈ ఇజ్రాయెలీ సైనికాధికారికి 1982లో దేశద్రోహం కింద 18 ఏళ్ల శిక్ష పడింది. ఒప్పుకోలు ఎలా రాబట్టారో తమవాళ్లు కోర్టుకు అబద్ధం చెప్పారని షిన్ బెట్ ఒప్పుకోవడంతో 1987 మేలో సుప్రీంకోర్టు ఆయన్ను విడుదల చేసింది.

వారం తిరిగేసరికి సుప్రీంకోర్టు మాజీ అధ్యక్షుడు మోషే లాండౌ నాయకత్వంలో కమిషన్ వేశారు. ఆ ఏడాది అక్టోబరులో వచ్చిన నివేదిక అబద్ధాలను తీవ్రంగా తప్పుపట్టింది. అబద్ధాలాడినవాళ్లపై మాత్రం కేసులు వద్దంది. హింస మీద దాని మాట ఇంకా విచిత్రం: మానసిక ఒత్తిడి పారకపోతే ‘ఒక మోస్తరు శారీరక ఒత్తిడి’ తప్పదంది. ఆ మోస్తరు ఎంతో రహస్య అనుబంధంలో రాసిపెట్టింది. చట్టపరమైన ఆసరాగా శిక్షాస్మృతిలోని అగత్యం అనే రక్షణను చూపించింది. పెద్ద కీడు తప్పించడానికి చిన్న కీడు చేసినవాడు శిక్ష తప్పించుకోడానికి పెట్టిన సెక్షన్ అది. ఒక మనిషి ఒక్క క్షణంలో చేసిన పనికి చెప్పుకునే సంజాయిషీని ఒక సంస్థకు ముందస్తు అనుమతిగా మార్చడమే లాండౌ నివేదిక చేసిన అసలు తప్పని నా అభిప్రాయం.

ఆ అనుమతి కింద ఏం జరిగేదో, దాన్ని సవాలు చేసిన కేసులో సుప్రీంకోర్టు 1999లో ఇచ్చిన తీర్పులోనే వివరంగా ఉంది. పొట్టి కుర్చీ, దాని సీటు ముందుకు, నేలవైపు వాలి ఉంటుంది. కూర్చున్న మనిషి జారిపోతుంటాడు. ఒక చెయ్యి వెనక్కి తెచ్చి సీటుకూ వీపు పలకకూ మధ్య సందులోంచి, రెండోది వీపు పలక వెనకనుంచి కట్టేస్తారు. భుజాల దాకా దిగే ముసుగు సంచి, హోరెత్తే సంగీతం. దీని పేరు షబె. కాలివేళ్ల కొసల మీద గొంతుకూర్చోబెట్టడం ఇంకొకటి. భుజాలు పట్టుకుని తల వేలాడి కొట్టుకునేలా ఊపడం మరొకటి; 1995లో హెబ్రాన్ ప్రాంతానికి చెందిన ఒక ఖైదీ దీనివల్లే చనిపోయాడు. ముసుగు ఖైదీలు ఒకరినొకరు గుర్తుపట్టకుండా, సంగీతం వాళ్లు మాట్లాడుకోకుండా, కట్లు అధికారుల రక్షణ కోసం అని ప్రభుత్వం వాదించింది. దానికి కళ్లకు గంతలు చాలవా అని కోర్టు అడిగింది. ఇంటరాగేషన్ పొడుగు వల్ల నిద్ర పోతే సరే, మనిషిని విరగ్గొట్టడానికే నిద్ర చెడగొడితే కుదరదంది.

1999 సెప్టెంబరు 6న అహరోన్ బరాక్ అధ్యక్షతన తొమ్మిది మంది జడ్జీలు ఏకగ్రీవంగా ఈ పద్ధతులకు చట్టం అధికారమివ్వలేదని తేల్చారు. పార్లమెంటు కావాలనుకుంటే చట్టం చేసుకోవచ్చన్నారు. 2002లో షిన్ బెట్‌కు చట్టమైతే చేశారు గానీ అందులో ఆ అధికారం పెట్టలేదు. అయితే తీర్పులోనే ఒక తలుపు తెరిచి ఉంది. బాంబు పేలబోతోందని నమ్మి చెయ్యి చేసుకున్న అధికారి తర్వాత అగత్యం రక్షణ కోరవచ్చు. ఎప్పుడు కేసు పెట్టబోమో అటార్నీ జనరల్ మార్గదర్శకాలు రాసుకోవచ్చు. మరుసటి నెలలోనే అవి వచ్చాయి. పై అధికారులను సంప్రదించి ‘ప్రత్యేక పద్ధతులు’ వాడే ఏర్పాటు స్థిరపడింది. 2018లో సుప్రీంకోర్టు ఇంకొంచెం వదులు చేసింది: బాంబు ఇప్పుడే పేలనక్కర్లేదు, వెంటనే కదలాల్సిన అవసరముంటే చాలు. ఆ కేసు దాచిన ఆయుధాల గురించి.

ఈ పద్ధతులు యూదుల మీదా వాడారు. 2015 జులైలో నాబ్లస్ దగ్గర దుమా గ్రామంలో ఇంటికి నిప్పుపెట్టి పాలస్తీనా భార్యాభర్తలనూ పసిబిడ్డనూ చంపిన కేసులో, ఒత్తిడి పెట్టినప్పుడు చెప్పిన మాటలను 2018లో లోద్ కోర్టు కొట్టేసింది. 36 గంటల తర్వాత చెప్పినవాటిని మాత్రం స్వేచ్ఛగా చెప్పినట్టే లెక్కించింది. 36 గంటల్లో భయం ఎంత దిగుతుందో కొలిచే పరికరమైతే ఎవరి దగ్గరా లేదు. వాటి ఆధారంగానే శిక్ష పడింది, 2022లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది.

ఫిర్యాదుల దారి ఎక్కడికీ పోదు. వాటిని చూసే అధికారి చాలాకాలం షిన్ బెట్ లోపలి మనిషే. తర్వాతే న్యాయశాఖకు మార్చారు. 2001 తర్వాతి రెండు దశాబ్దాల్లో వెయ్యికి పైగా ఫిర్యాదులు వెళ్తే ఒక్కదానిలోనూ ఛార్జిషీటు పడలేదు. 2019లో ఓ బాంబు కేసు నిందితుడు ఇంటరాగేషన్ నుంచి విరిగిన పక్కటెముకలతో ఆస్పత్రికి చేరినప్పుడు క్రిమినల్ దర్యాప్తు మొదలుపెట్టి, 2021లో మూసేశారు. రుజువు చేద్దామంటే రికార్డింగే లేదు. తీవ్రమైన నేరాల్లో ఇంటరాగేషన్ రికార్డు చేయాలన్న 2002 చట్టం నుంచి భద్రతా కేసులకు తాత్కాలికంగా ఇచ్చిన మినహాయింపును 2016లో శాశ్వతం చేశారు.

వెస్ట్ బ్యాంక్‌లో మిలిటరీ ఆదేశాల కింద నిందితుణ్ని 60 రోజుల దాకా లాయరుకు దూరంగా ఉంచొచ్చు; ఇజ్రాయెల్ పౌర చట్టం కింద అదే 21 రోజులు. ఒకే కొండ మీద ఉండే సెటిలర్‌కు (అక్కడ కాలనీ కట్టుకున్న ఇజ్రాయెలీకి) రెండోది, పాలస్తీనా రైతుకు మొదటిది. ఆ రోజుల్లోనే తోటి ఖైదీల వేషంలో ఉండే ఇన్ఫార్మర్ల సెల్‌లోకి పంపి మాటలు రాబడతారు. అరబిక్‌లో వాళ్లను ‘అసాఫీర్’, అంటే పిట్టలు అంటారు. చివరికి ఒప్పుకోలును సవాలు చేయబోతే, కేసు తేలేదాకా లోపలే ఉండాలి, పైగా ఎక్కువ శిక్ష భయం. అందుకే ఎక్కువ కేసులు ప్రాసిక్యూషన్‌తో శిక్ష బేరసారాల్లోనే ముగుస్తాయి. ఆ చిన్న విచారణ జరిగే సందర్భమే రాదు.

పాలస్తీనా అథారిటీ 2003 ప్రాథమిక చట్టం 13వ అధికరణం బలవంతపు వాంగ్మూలాలు చెల్లవని సూటిగా చెబుతుంది. 2014లో అది చిత్రహింసల వ్యతిరేక ఒడంబడికలోనూ చేరింది. కానీ అథారిటీ కేంద్రమైన రామల్లాలోనూ, గాజాలో హమాస్ కింద కూడా అదే షబె వాడుతున్నారని 2018లో హ్యూమన్ రైట్స్ వాచ్ నమోదు చేసింది.

2023 అక్టోబరు దాడుల తర్వాత గాజా నుంచి పట్టుకొచ్చినవాళ్లకు ఈ చట్టాలేవీ కాక, లెబనాన్ బందీల కోసం 2002లో చేసిన ‘అక్రమ పోరాటకారుల’ చట్టాన్ని వర్తింపజేశారు. జడ్జి ముందుకు తేవడానికి 14 రోజుల గడువుండేది. అది 75 రోజులైంది. లాయరును కలవనివ్వని గడువు 180 రోజుల దాకా వెళ్లింది. 2024లో వాటిని కొంత తగ్గించారు. ఆ అక్టోబరు నుంచే ఖైదీలను చూడడానికి రెడ్‌క్రాస్‌ను రానివ్వడం ఆపేశారు.